పద్నాలుగు కంప్యూటర్లకు ఒకటే జవాబు

మా సీనియర్‌కు తాను రాసిన కంప్యూటర్ స్క్రిప్టు అంటే మహా మురిపెం. కన్నబిడ్డ గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేవాడు. కాకపోతే బిడ్డ ఒళ్లు వెచ్చబడితే ఎవరైనా నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. అతను ఏడు నెలల పాటు ఆ స్క్రిప్టు వైపు కన్నెత్తి చూడలేదు. నేనూ చూడలేదు. కాబట్టి ఇందులో తిట్లన్నీ అతనికే అనుకోకండి, నా వాటా నాకుంది.

ఒడిశా బరంపురంలో కొత్త బస్టాండుకు కాస్త ఇవతల మా ఆఫీసు. రక్తపరీక్షలు చేసే ప్రైవేటు ల్యాబులు మావి. గోపాల్‌పూర్, ఖల్లికోట, దిగపహండి, ఇలా గంజాం జిల్లా అంతటా పదమూడు సెంటర్లు, వాటి మీద మా ఆఫీసు. సెంటరుకో కంప్యూటరు. రోగుల రిపోర్టులన్నీ అందులోనే ఉంటాయి. రోజూ సాయంత్రం సెంటరు మూసే ముందు ఆ రిపోర్టుల నకలు మా ఆఫీసు సర్వర్‌కు చేరాలి. చేరిందో లేదో పొద్దున్నే చూసి యజమానికి చెప్పడం నా పని.

మాది పెద్ద బజారులో పప్పుల టోకు వ్యాపారం చేసే ఇల్లు. కంప్యూటర్ డిప్లొమా చేసి ఆ ల్యాబులో చేరి అప్పటికి పదకొండేళ్లు. అన్నాళ్లూ నా పద్ధతి ఒకటే. పొద్దున రాగానే పదమూడు సెంటర్లకూ ఫోన్ చేసేదాన్ని. "నిన్న నకలు ఎల్లిందా?" అని అడిగి, ఎల్లిందంటే టిక్కు, లేదంటే కారణం నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. గంటన్నర పట్టేది. విసుగ్గానే ఉండేది, అబద్ధమెందుకు.

అప్పుడొచ్చాడు సీనియర్. వయసులో నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, కుర్చీలో పెద్ద. పుట్టింది పెరిగింది బరంపురంలోనే. హైదరాబాదులో రెండేళ్లు పనిచేసి వచ్చేసరికి మా మాట అతని చెవులకు గరుకైపోయింది. నేను "ఏటి సార్" అంటే, "ఏంటి మేడమ్, ఏంటి" అని దిద్దేవాడు. వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడు మాత్రం "ఏటమ్మా, వొచ్చేత్తన్నాను" అని గోడవైపు తిరిగి గొణిగేవాడు.

వచ్చిన మొదటి వారంలోనే నా నోట్‌బుక్కు చూశాడు. రెండు వేళ్లతో, తడిగుడ్డను ఎత్తినట్టు ఎత్తాడు.

"మేడమ్, మీరు ఉద్యోగం చేస్తున్నారా, కాల్ సెంటర్ నడుపుతున్నారా? ఈ రోజుల్లో ఇవన్నీ ఆటోమేషన్. ఒక్క స్క్రిప్టు చాలు."

వారంలో రాసేశాడు. పొద్దున తొమ్మిదింటికి అది తనంతట తనే లేచి మా ఆఫీసుదాంతో కలిపి పద్నాలుగు కంప్యూటర్లనూ అంతా బాగుందా అని వరసగా అడుగుతుంది. ఆ తర్వాత తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో ఒక వాక్యం వస్తుంది, అన్నీ సక్రమంగా ఉన్నాయని. దాన్ని ఫొటో తీసి నేను యజమానికి పంపాలి. అంతే.

ఆ వాక్యం మొదటిరోజు వచ్చినప్పుడు ఆఫీసులో మిఠాయి పంచారు. నా గంటన్నర నాకు మిగిలింది. ఆ గంటన్నరలో నేనేం చేశానో చెప్పుకోవడానికి సిగ్గు. టీ తాగాను, ఫోన్‌లో చీరలు చూశాను. ఏడు నెలల పాటు ప్రతి ఉదయం ఆ ఆకుపచ్చ వాక్యానికి ఒక గుడ్ మార్నింగ్ తగిలించి యజమానికి పంపాను. ఒక్కరోజు కూడా ఎర్ర అక్షరం రాలేదు. వానల్లో మూడు రోజులు ఖల్లికోట వైపు కరెంటే లేదు, అప్పుడూ రాలేదు. అనుమానం రావలసింది అప్పుడే. నాకు రాలేదు. సుఖంగా ఉన్నప్పుడు ఎవరికి వస్తుంది?

భాద్రపదంలో ఒక రోజు మధ్యాహ్నం ఒకాయన మా ఆఫీసుకు వచ్చాడు. దిగపహండి దగ్గర పల్లె, వరి రైతు. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి నిలబడ్డాడు. చేతిలో విశాఖపట్నం డాక్టరు రాసిన కాగితం.

"మా ఇంటిదానికి కిడ్నీలు బాగోలేవు తల్లీ. పెద్దడాక్టరు పాత రిపోర్టులన్నీ అట్టుకు రమ్మన్నారు. ఏటంటే, జబ్బు మెల్లగా ముదిరిందా, బేగి ముదిరిందా అన్నది వోటిని సూస్తే గాని తెలీదంట. కాయితాలు అంతకుముందు సూపించిన ఆసుపత్రోలు ఉంచేసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. దిగపహండిలో అడిగితే కంప్యూటర్ సచ్చిపోయిందన్నాడు. బరంపురంలో అన్నీ ఉంటాయి, ఎల్లమన్నాడు."

"ఉంటాయి, కూర్చోండి" అన్నాను. ధీమాగానే అన్నాను. రోజూ ఫొటో పంపుతున్న మనిషిని కదా.

సర్వర్‌లో వెతికితే దిగపహండి రిపోర్టులు ఏడు నెలల క్రితం ఆగిపోయి ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. మళ్లీ వెతికాను. సెంటరు పేరు తప్పు కొట్టానేమో అని చూసుకున్నాను. లేదు. ఆయన నన్నే చూస్తున్నాడు. ఆవిడకు జబ్బు బయటపడిందే ఆరు నెలల కిందనని డాక్టరు కాగితంలో ఉంది. అంటే ఒక్క రిపోర్టూ మా దగ్గర లేదు.

"రెండు రోజుల్లో ఫోన్ చేస్తాను" అన్నాను. ఆయన నమ్మి, దండం పెట్టి వెళ్లాడు. ఆ దండం నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

విషయం యజమానికి చేరింది. ఆయన ఒడియా ఆయన, తెలుగు బాగా వచ్చు, కోపం రెండింట్లోనూ వచ్చు. సీనియర్‌ను పిలిచాడు. సీనియర్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"సిస్టమ్ పర్ఫెక్ట్ సార్. దిగపహండి టెక్నీషియన్ రోజూ నకలు వెళ్లకముందే మెషిన్ ఆపేసి పోతున్నాడు. హ్యూమన్ ఎర్రర్."

ఎంత సులువు! నూట యాభై రూపాయల పరీక్షకు రక్తం తీసే మనిషి, ఇంగ్లీషులో తన గురించి ఏమన్నారో కూడా తెలియని మనిషి, అతని మీద తోసేస్తే సరిపోయింది. అతన్ని ఎల్లుండి బరంపురం రమ్మన్నారు. ఎందుకో అందరికీ తెలుసు.

నేను అతనికి ఫోన్ చేశాను. యాభై దాటిన మనిషి, నన్ను అమ్మా అనే పిలుస్తాడు.

"నాను ఆపలేదమ్మా. నకలు ఎల్లకపోతే ఇక్కడ తెర మీద ఏటో వస్తాది. సార్‌కి ఫోన్ సేసి సెప్పినాను. రెండుసార్లు సెప్పినాను. 'నా దగ్గర అంతా గ్రీన్‌లో ఉంది, నువ్వేమీ ముట్టుకోకు' అన్నాడు. పెద్దోడు కదా, మానీసినాను."

మర్నాడు మధ్యాహ్నం నేను స్క్రిప్టును కాగితం మీద ప్రింటు తీసుకుని కూర్చున్నాను. నాకు ప్రోగ్రాములు రాయడం పెద్దగా రాదు. అయినా చదువుకున్నది పూర్తిగా మరిచిపోలేదు. పెన్సిలుతో ఒక్కో లైనూ పట్టుకుని వెళ్లాను. రెండు పేజీలే. ఆ రెండు పేజీల్లో ఉన్న నిర్వాకం ఇది.

స్క్రిప్టు మొదటి కంప్యూటర్‌ను అడిగి, దాని జవాబును ఒక పేరు కింద దాచుకుంటుంది. బాగానే ఉంది. రెండో దాన్ని అడిగి, ఆ జవాబునూ అదే పేరు కింద పెడుతుంది. పెట్టగానే మొదటి జవాబు చెరిగిపోతుంది. మూడోది రాగానే రెండోది. ఇలా పద్నాలుగూ అయ్యేసరికి చేతిలో మిగిలేది ఆఖరి జవాబు ఒక్కటే. దాన్ని చూసి, అది బాగుంటే, అన్నీ బాగున్నాయని ఆకుపచ్చగా రాసేస్తుంది. మధ్యలో ఏదైనా తప్పు వస్తే ఆగవద్దని, ముందుకు పొమ్మని కూడా అందులో రాసి ఉంది. ఇంక జాబితాలో ఆఖరి కంప్యూటర్ ఏది? మా ఆఫీసుదే. సీనియర్ కుర్చీ పక్కన, ఏసీ కింద ఉండేది. దానికేం రోగం?

ఏడు నెలల పాటు మేము రోజూ మా పక్కనున్న కంప్యూటర్‌ను బాగున్నావా అని అడిగి, గంజాం జిల్లా అంతా బాగుందని యజమానికి చెప్పామన్నమాట.

నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. లేచి ముఖం కడుక్కుని వచ్చి, దాన్ని తిరగరాయడానికి కూర్చున్నాను. చేయవలసింది పెద్దదేమీ కాదు. ప్రతి జవాబునూ దాని సెంటరు పేరుతో సహా ఒక జాబితాలో చేర్చాలి. అంతా అయ్యాక ఆ జాబితాను మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటే తిరగేసి, బాగాలేనిదాన్ని పేరు పెట్టి చెప్పాలి. మొదటిసారి నేనూ తప్పు చేశాను. లోపలి జవాబులు చూడకుండా జాబితా నిండిందా అని మాత్రం అడిగాను. నిండింది అంది. మళ్లీ ఆకుపచ్చే! నన్ను నేను గట్టిగా తిట్టుకుని, జాబితా లోపలికి దిగి ఒక్కో జవాబునూ విప్పేలా రాశాను. ఆరు సెంటర్ల పేర్లు ఎర్రగా వచ్చాయి.

మర్నాడు యజమాని గదిలో అందరం కూర్చున్నాం. టెక్నీషియన్ పొద్దుటి బస్సుకే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. కూర్చోమంటే కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. సీనియర్ ల్యాప్‌టాప్ తెరిచి హ్యూమన్ ఎర్రర్ గురించి మళ్లీ మొదలుపెట్టాడు.

"సార్, ఒక్క నిమిషం" అన్నాను. గోపాల్‌పూర్ సెంటరుకు స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. అక్కడ పనిచేసే అమ్మాయి తీసింది. నన్ను అప్పా అంటుంది, మా వైపు అప్ప అంటే అక్క.

"నీ కంప్యూటర్ ఇప్పుడు ఆపీయ్."

"ఎందుకప్పా? ఏటైనది?"

"ఏటీ అవలేదు. ఆపీసి సెప్పు."

"ఆపీసినాను అప్పా."

సీనియర్ వైపు తిరిగి, "ఇప్పుడు మీ స్క్రిప్టు నడపండి సార్" అన్నాను.

నడపనని ఎలా అంటాడు? నడిపాడు. పది సెకన్లలో తెర మీద ఆ వాక్యం వచ్చింది, నిండు ఆకుపచ్చగా. అన్నీ సక్రమంగా ఉన్నాయట.

యజమాని కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. "గోపాల్‌పూర్ ఆగిపోయింది కదా?"

"ఆగిపోయింది సార్."

"మరి ఇది?"

సీనియర్ గొంతు సవరించుకున్నాడు. "లాజిక్ కరెక్టే సార్. ఇదొక ఎడ్జ్ కేస్."

ఎక్కడో అంచున అరుదుగా జరిగేదని దాని అర్థం. పద్నాలుగింటిలో పదమూడు అంచు అట. మధ్య భాగం ఎంతుందో అడగాలనిపించింది. అడగలేదు. నేను రాసింది నడిపాను. గోపాల్‌పూర్‌తో కలిపి ఏడు పేర్లు ఎర్రగా వచ్చాయి. వాటిలో దిగపహండి మూడోది.

యజమాని ముందుకు వంగాడు. ఏడు నెలలుగా తాను ఏం చూస్తూ వచ్చాడో ఆయనకు ఇప్పుడు తడుతుందని నేను ఆశపడ్డాను.

"ఏ నాలి నాలి కణ?" అన్నాడు, ఏమిటీ ఎర్రెర్రగా అని ఒడియాలో. "ఇన్ని ఎర్రవి ఎందుకున్నాయి? చూస్తే భయం వేస్తోంది. రంగు మార్చడానికి అవదా?"

"రంగు మారితే కంప్యూటర్లు బాగవ్వవు సార్" అన్నాను. ఆ మాట అంత పదునుగా వస్తుందని నేనూ అనుకోలేదు.

టెక్నీషియన్‌ను ఉద్యోగంలోంచి తీయలేదు. క్షమించమని కూడా ఎవరూ అనలేదు. "సరే, నువ్వు వెళ్లు, జాగ్రత్తగా చేసుకో" అన్నారు. జాగ్రత్త! రెండుసార్లు ఫోన్ చేసి చెప్పినవాడికి చెప్పే మాట! అతను అందరికీ నమస్కారం పెట్టి బయటికొచ్చి, మెట్ల మీద నన్ను ఆపాడు.

"అమ్మా, ఆ కిడ్నీల ఆవిడ మాటేటి? కంప్యూటర్ పోయినా, రక్తం సూసే మిషన్ ఉన్నాది కదా. దాని కడుపులో పాత అంకెలు కొన్ని ఉంటాయి. సూద్దుమా?"

ఆ గదిలో అంతసేపు కూర్చున్న చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తట్టని మాట అది. నాతో సహా.

ఇద్దరం ఒకే బస్సులో దిగపహండి వెళ్లాం. ఆ యంత్రం తెర అరచేతంత ఉంది. రోగి పేరు ఉండదు, శాంపిల్ నంబరు, తేదీ, అంకెలు మాత్రమే. అతను రోజూ రక్తం తీసినప్పుడు శాంపిల్ నంబరు, పేరు సొంతంగా రాసి పెట్టుకున్న పుస్తకం ఉంది. అతను నంబరు చదవడం, నేను యంత్రంలో వెనక్కి వెనక్కి వెళ్లడం. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆవిడవి ఆరు పరీక్షలుంటే నాలుగు దొరికాయి. పాతవి రెండూ యంత్రం తుడిచేసుకుంది.

భర్తకు ఫోన్ చేస్తే సైకిలు మీద వచ్చాడు. నాలుగు కాగితాలూ చేతిలో పెట్టి, రెండు పోయాయని, తప్పు మాదేనని చెప్పాను. ఆయన కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "నాలుగైనా ఉన్నాయి కదమ్మా" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

విశాఖపట్నంలో డాక్టరు ఆ నాలుగూ చూసి, జబ్బు వేగంగానే ముదురుతోందని చెప్పి, ఆ వారమే వైద్యం మొదలుపెట్టారట. ఆవిడ ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు బరంపురం వస్తుంది. బస్టాండులో కనిపిస్తే పలకరిస్తుంది. పోయిన ఆ రెండు కాగితాలు ఉంటే ఏమైనా తేడా ఉండేదా అని నేను ఏ డాక్టరునూ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

సీనియర్ ఆరు నెలలు తిరక్కుండా భువనేశ్వర్‌లో ఇంకా పెద్ద ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు వీడ్కోలు సభ, పూలదండ, కేకు. జిల్లా మొత్తాన్ని ఆటోమేషన్ కిందికి తెచ్చిన ఘనత అతనిదని యజమాని స్వయంగా అన్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను. అందరూ కొడుతుంటే చేతులు ఊరుకోవు.

నెల క్రితం అతని దగ్గర్నుంచి ఫోన్. అక్కడ అరవై సర్వర్లట. "మేడమ్, మీరు రాసిన ఆ వెర్షన్ ఉంది కదా, అదొకసారి మెయిల్ చేయగలరా? రిఫరెన్స్ కోసం."

"ఏటి కోసం?" అన్నాను.

ఈసారి దిద్దలేదు.

పంపాను. అక్కడా రక్తం తీసేవాళ్లో, ఇంకెవరో ఉంటారు కదా, నింద మీద పడటానికి. పైన నా పేరు ఉన్న లైను తీసేస్తాడని తెలుసు. తీసేసుకోనీ. లోపలి లైన్లు మాత్రం ముట్టుకోకుండా ఉంటే చాలు.