ఆఖరి మడి

నా చిన్నప్పుడు, అంటే మా నాయన, చిన్నాయన సేద్యం మా తాతకు వదిలేసి గనుల దగ్గర లారీలు తిప్పే రోజుల్లో, నాకు ఒకటే దిగులు, ఎత్తు పెరగడం లేదని. బడిలో ప్రార్థనకు పొట్టివాళ్ళు ముందు నిలబడాలి. ఏటేటా పక్కవాళ్ళు వెనక్కి పోయేవారు, నేను మాత్రం అక్కడే. ఇంటికి రాగానే కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడేదాన్ని. ఒక్కచోట కాలు నిలిచేది కాదు.

"తల్లి పోలిక. ఇంగ యాడ పెరుగుతాది?" అనేది మా అవ్వ. అమ్మ తల వంచుకుని పొయ్యి వైపు తిరిగేది. నాకు ఒళ్ళు మండేది.

ఒక సెలవు రోజు తాత వెంట మోక దగ్గరున్న మా వరి పొలానికి పోయాను. కాలవ నీళ్ళు పై మడి నుంచి ఒక్కొక్క మడి దాటి కిందికి రావాలి. పై మడిలో వరి నా నడుము దాటింది. ఆఖరి మడిలో మోకాలికి కూడా రాలేదు. ఇది పొట్టి రకమా అని అడిగాను.

"రెండిట్లో విత్తనం ఒగటే పాపా. పొట్టి రకమైతే ఎన్ని నీళ్ళు పెట్టినా దాని మట్టుకే పెరుగుతాది, అది వేరే. దీనికి దాని ఎత్తన్నా రాలే. పై మడులన్నీ తాగినాక నీళ్ళు కడాకు దీనికి వస్తాండాయి గదా."

అంటూనే నా ముఖంలోకి చూశాడు. "నిన్న అన్నం ఎప్పుడు తింటివి?"

బాగా రాత్రయినాక అని చెప్పాను. మగవాళ్ళు తిననిదే ఆడవాళ్ళు కంచం ముట్టకూడదన్నది మా ఇంటి కట్టు. లారీలు వరసల్లో ఇరుక్కుని నాయనావాళ్ళు ఏ పొద్దుకో వచ్చేవారు. మిగిలిందే అమ్మకూ నాకూ. పొద్దుగూకకముందే తిని పడుకునే తాతకు ఇదేమీ తెలియదు.

తాత ఇంటి దారి పట్టాడు. దారి పొడుగునా తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూనే నడిచాడు. ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని చేయి పెట్టలేదు. తినకుండా ఏంది చూస్తాండేదని అవ్వ కసిరింది.

"కోడలూ పాపా కూర్చోనీ. ఈ పొద్దు నుంచి ఆఖరి మడికే ముందు నీళ్ళు."

అవ్వ గొణిగింది, తాత కదల్లేదు. అమ్మ భయం భయంగా కంచం పెట్టుకుంది. అమ్మ వేడి అన్నం ఊదుకుంటూ తినడం నేను చూసింది అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

నేనేం తాటిచెట్టంత కాలేదు. అమ్మకన్నా నాలుగు వేళ్ళు ఎక్కువ, అంతే. నా మట్టు అదేనేమో. ఇప్పుడు నా ఇంట్లో తొలి వడ్డన పిల్లలకూ అమ్మకూ. అయినా ఆమె ఇప్పటికీ "మగోళ్ళు రానీమ్మా" అంటూ లేవబోతుంది. అన్నంలో ఆవిరి పోకముందే భుజం పట్టుకుని కూర్చోబెడతాను.