పిన్ను కొట్టిన వీసా

బొల్లారంలో మా మందుల ఫ్యాక్టరీకి చైనా నుంచి కొత్త యంత్రం రావాలి. షిఫ్టుకొకరు చొప్పున దానికి ఇద్దరు ఆపరేటర్లు. అక్కడికి వెళ్లి నేర్చుకొచ్చినవాళ్లకే ఆ పోస్టులు. నన్నూ, అరుణాచల్ నుంచి వచ్చి పదేళ్లుగా పటేల్‌గూడలో ఉంటున్న నా తోటి పనివాణ్నీ ఎంపిక చేశారు.

నా వీసా పాస్‌పోర్టు పేజీకి అతికించి ఉంది. అతనిది విడి కాగితం, పిన్ను కొట్టి ఇచ్చారు. అరుణాచల్ తమదేనని చైనా వాదన. అందుకే అక్కడివాళ్లకు మన పాస్‌పోర్టు మీద వీసా వేయదు. అలాంటి కాగితాన్ని మన దేశం ఒప్పుకోదు. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర అతన్ని ఆపేశాకే ఆ సంగతి మాకు తెలిసింది.

"ఆళ్లు నన్ను మావోడే అంటున్నరు, వీళ్లూ మావోడే అంటున్నరు. ఇద్దరికీ గంత ప్రేముంటే ఒక్కరన్న పోనియ్యాలె గదన్నా," అని నవ్వాడు.

నేను ఒక్కణ్నే వెళ్లాను. తిరిగొచ్చాక రెండో పోస్టుకు మేనేజరు దగ్గర మళ్లీ మళ్లీ అతని పేరే ఇచ్చాను.

"పోలేనోని పేరు ఎన్నిసార్లిస్తవ్? వేరేటోణ్ణి సూడు," అన్నాడు మేనేజరు.

సాయంత్రం కంపెనీ బస్సులో అతనికి ఆ మాట చెప్పాను. పటేల్‌గూడలో బస్సు ఆగగానే అతను లేచాడు. దిగబోతూ వెనక్కి తిరిగాడు.

"మిషనొచ్చినంక ఒక్కసారి చూపియ్యన్నా. ముట్టుకోనులే."