తప్పిపోయిన బిడ్డ వేషం

మా అబ్బాయి తప్పిపోయాడని మైకులో మూడోసారి చెప్పినప్పుడు నేను టెంటు వెనక్కి తొంగి చూశాను. వాడు దాక్కుని కూర్చోవాల్సిన ఐసు పెట్టె మీద వాడి చెప్పులు మాత్రమే ఉన్నాయి.

ఆ రోజు కృష్ణపట్నం దగ్గర మా అత్తగారి ఊళ్ళో తుఫాను మాక్‌డ్రిల్. నిజంగా తుఫాను వస్తే ఏం చేయాలో ముందే ఒకసారి చేసి చూపిస్తారు. నెల్లూరు నుంచి ఒక ఆఫీసరు, ఆయన సిబ్బంది, కెమెరా వాళ్ళు వచ్చారు. ఆఫీసరు జాబితా చదివారు. గాయపడినవాళ్ళు ఆరుగురు, తప్పిపోయిన బిడ్డ ఒకరు, శవాలు ఐదు.

బిడ్డ అనగానే మా అత్తగారు చెయ్యెత్తారు. "మా మనవడుండాడు సార్. చొక్కా గూడా కొత్తది."

వాడికి నాలుగేళ్ళు. మా ఆయన పోర్టులో డ్యూటీలో ఉన్నారు. నేను వద్దనేలోపే వాడి పేరు ఫారంలోకి ఎక్కింది.

శవాలకు మాత్రం ఎవరూ రాలేదు. అశుభం అన్నారు. శవాలకు మధ్యాహ్నం బిరియాని పొట్లం ఇస్తామని ఆఫీసరు ప్రకటించాక పదిహేను మంది వెళ్ళి ఇసుకలో పడుకున్నారు. ఐదుగురికి తెల్ల గుడ్డలు దొరికాయి. మిగతావాళ్ళు టార్పాలిన్లూ పాత చీరలూ కప్పుకున్నారు.

తర్వాతి గొడవ పడవ దగ్గర. ముసలివాళ్ళనీ పిల్లలనీ ముందు ఎక్కించాలన్నారు ఆఫీసరు. ఊరి పెద్ద ఒప్పుకోలేదు. గంగమ్మ గుళ్ళో తొలి ప్రసాదం ఆయనకే ఇస్తారు.

"ప్రసాదానికైనా ప్రాణానికైనా వరసంటే వరసే సార్. నన్ను కాపాడినాకనే ఇంకొకరిని కాపాడేది."

పొడి ఇసుకలో నిలబడిన ఆయన మీద రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించి, లైఫ్ జాకెట్ వేసుకున్న ఒక ఉద్యోగి ఆయన్ను కాపాడాడు. పడవ ఎక్కించబోతుంటే అల మోకాలికి తగలగానే ఆ ఉద్యోగే భయపడి ఊరి పెద్దను కావిలించుకున్నాడు. అతనికి ఈత రాదు.

డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదివినప్పుడు, పాత నవలా రచయితలు మనుషులను ఎగతాళి చేయడానికి ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చేసి రాస్తారని పరీక్షలో రాశాను. మంచి మార్కులే వచ్చాయి. వాళ్ళు తగ్గించి రాశారని ఆ రోజు తెలిసింది.

ఐసు పెట్టె మీది చెప్పులు చేత పట్టుకుని సముద్రం వైపు పరుగెత్తాను. "నా బిడ్డ కనపడడం లేదు!" అని అరిచాను. జనం చప్పట్లు కొట్టారు.

"ఏం ఏడస్తా ఉండాది మే! సదువుకున్న పిల్ల గదా" అంది ఒకామె.

"చాల్దు. జుట్టిప్పుకోమను. మా తోడికోడలైతే ఈపాటికి ఇసకలో పొర్లతా ఉండేది" అంది పక్కామె.

ఆఫీసరు దగ్గరకు వెళ్ళి, "సార్, ఇది నటన కాదు" అన్నాను.

"అద్భుతం మేడం! అదే మాట కెమెరా వైపు తిరిగి అనండి."

బిడ్డను పది నిమిషాల్లో వెతికి అప్పగించాలని వాళ్ళ కాగితంలో ఉందట. తొమ్మిదో నిమిషంలో ఎవరి పిల్లవాడినో తెచ్చి నా చేతుల్లో పెట్టారు. వాడు నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చాడు. మళ్ళీ చప్పట్లు.

"వీడు నా కొడుకు కాదు."

"ప్రస్తుతానికి ఎత్తుకోండి మేడం. బిడ్డ దొరికాడని పైకి మెసేజ్ వెళ్ళిపోయింది. మళ్ళీ తప్పిపోయాడంటే ఇంకో ఫారం రాయాలి."

అంతలో ఆ పిల్లవాడి తల్లి వచ్చి, నన్ను తిట్టి, వాడిని లాక్కుపోయింది. మా అత్తగారు నా చెవిలో, "మనోడు యాడికి పోతాడమ్మా, టెంటెనకాల్నే ఉంటాడు" అన్నారు. నేను చెప్పులు చూపించాను. ఆవిడ ముఖం పాలిపోయింది. అంత జనంలో ఆ చెప్పులను చూసి భయపడింది మేమిద్దరమే.

అప్పుడు ఏడేళ్ళ మా అమ్మాయి నా కొంగు లాగింది. "అమ్మా, తమ్ముడికి బిరియాని ఇష్టం గదా."

శవాల దగ్గరకు పరుగెత్తాను. మొదటి గుడ్డ తీస్తే ఒక మీసాలాయన కోప్పడ్డాడు. "ఏందమ్మా, సచ్చినోణ్ణి గూడా పండుకోనీరా?"

రెండోది తీశాను, మూడోది తీశాను. వరస చివర ఒక తెల్ల గుడ్డ కింద ఉన్న ఆకారం చిన్నది. అదంతా వేషమేనని తెలుసు. అయినా ఆ గుడ్డ అంచు పట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. మా అత్తగారే తీశారు.

వాడు నోట్లో వేలు పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఎత్తుకుంటే, కళ్ళు తెరవకుండానే, "బిరియాని వచ్చిందా?" అన్నాడు.

వాడిని గుండెకు హత్తుకుని నేను నిజంగా ఏడ్చింది అప్పుడే. ఈసారి చప్పట్లు లేవు. పొట్లాలు వచ్చాయి. వరసలో ఊరి పెద్ద ముందున్నాడు, ఇంకా తడి బట్టలతోనే.

మర్నాడు పొద్దున ఇడ్లీలు పెడుతూ పిల్లలిద్దరికీ చెప్పాను. "నిజంగా తప్పిపోతే ఏడవద్దు, ఏడిస్తే చప్పట్లు కొడతారు. ఒక్కచోటే నిలబడి నన్ను పిలవండి. నేను ఎక్కడైనా మీ కోసం ఏడుస్తుంటే, చుట్టూ ఎంతమంది మెచ్చుకుంటున్నా సరే, అది నటన అనుకోకండి. చచ్చిపడి ఉన్నా లేచి రండి. బిరియాని తర్వాత నేను వండి పెడతాను."