కంప్యూటర్‌లోంచి వచ్చిన వాసన

నిన్న మా అమ్మాయి ట్యాబ్‌లో సైన్స్ పాఠం చూస్తుంటే పాశమైలారం ఫ్యాక్టరీల వైపు నుంచి కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది. లేచి కిటికీ మూశాను. ఎనిమిదో తరగతి గుర్తొచ్చి పళ్ళు కొరుక్కున్నాను.

మా బడికి కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. సైన్స్ సార్ మౌస్ నొక్కితే తెర మీది గాజుకుప్పెలో ఆమ్లం పడింది. "సూడుండ్రి, గిది కుళ్ళిన గుడ్ల వాసనొచ్చే గ్యాస్" అన్నారు. పచ్చటి బుడగలు పైకి లేచాయి. నేను చటుక్కున చున్నీతో ముక్కు మూసుకున్నాను. ఫ్యాక్టరీల గ్యాస్ వచ్చిందంటే మా వాడలో అందరూ చేసే పనే అది.

"ఏందే, కంప్యూటర్ల కెల్లి వాసనొస్తదా? మొద్దుమొకమా!" అన్నారు సార్. క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ వారమంతా నన్ను 'చున్నీ' అనే పిలిచారు.

అమ్మమ్మ కోడి పొదిగినా పిల్ల కాక మురిగిపోయిన గుడ్డొకటి ఉంది. తరువాతి క్లాసుకు ముందే దాన్ని తెచ్చి కంప్యూటర్ వెనక వైర్ల మధ్య పగలగొట్టాను. సార్ వచ్చి మౌస్ నొక్కారు. బుడగలు లేచాయి. సార్ జేబురుమాలుతో ముక్కు మూసుకున్నారు.

"కంప్యూటర్ల కెల్లి వాసనొస్తదా సార్?" అన్నాను. ఈసారి క్లాసు నవ్వింది నన్ను చూసి కాదు.

మా దగ్గర వాసన లేచేది పొద్దుగూకాక. అప్పటికి సార్ బస్సెక్కి పట్నంలో తన ఇంటికి చేరిపోయేవారు. ఆయనకు నిజంగానే తెలియదని పెద్దయ్యాక అర్థమైంది. అయినా క్షమించలేదు. ఆ రోజు ఒక్క గుడ్డే దొరికిందని ఇప్పటికీ బాధ.