మందు తాకని గుడ్లు

దెనిజ్లి పట్నం పైన కొండల్లో, ఎల్మాస్ నోటికి జడిసి పోస్టుమాన్ కూడా ఉత్తరం గోడమీద పెట్టి జారుకునేవాడు.

జూలైలో కొండమీది కెకిక్ ఆకు కోసి, ఆరబెట్టి, రాగి బట్టీలో నీళ్ళతో కాచి ఆవిరి పడితే పైన నూనె తేలుతుంది, కింద నీరు మిగులుతుంది. నూనెని బేరగాళ్ళు పట్టుకుపోతారు. వాము ఘాటు కొట్టే ఆ నీటిని ఊరంతా కడుపునొప్పికి తాగుతుంది. ఎల్మాస్ కోళ్ళకి కూడా తాగించేది, దాణాలో నాలుగు చుక్కల నూనె కలిపేది. పదకొండేళ్ళుగా తన కోళ్ళు ఒక్క తుమ్ము తుమ్మలేదని చెప్పుకునేది. శనివారం సంతలో ఆమె బల్లమీద ‘మందు తాకని గుడ్లు’ అని అట్టముక్క ఉండేది. గుడ్లు కొన్నా కొనకపోయినా ఆ పదకొండేళ్ళ కథ వినకుండా ఎవరూ కదలడానికి వీల్లేదు. పక్కబల్ల గుల్సుమ్ గుడ్లని చూపించి, అవి గుడ్లు కావు, మాత్రలు అనేది.

అలాంటిది, ఒక శనివారం సంత అధికారి ఆమె గుడ్లు ఆరు పరీక్షకి పట్టుకెళ్ళి, మరుసటి వారం కాగితం తెచ్చాడు. గుడ్లలో యాంటీబయాటిక్ ఉంది. నెల తర్వాత మళ్ళీ పరీక్ష, అందాకా అమ్మకూడదు. అప్పుడూ మందు కనబడితే బల్ల ఎత్తేయాలి. గుల్సుమ్ ఏమీ విననట్టు తలగుడ్డ కొసతో తన గుడ్లు తుడుచుకుంటూ కూర్చుంది. ఎల్మాస్‌కి అదే ఎక్కువ మండింది.

రెండు రోజులు ఊరందర్నీ వరసపెట్టి అనుమానించింది. గుల్సుమ్‌ని, గుల్సుమ్ మేకని, దాణా కొట్టువాణ్ణి. మొగుడు దుర్ముష్‌ని మాత్రం వదిలేసింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన తనంతట తాను చేసిన పని ఒక్కటీ ఆమెకి గుర్తులేదు. మూడోరోజు గుల్సుమ్ గుమ్మంలో పోట్లాడ్డానికి చెప్పులేసుకుంటుంటే దుర్ముష్ అడ్డొచ్చాడు.

“దాని జోలికెళ్ళకే. మందు కలిపింది నేనే.”

“ఎప్పట్నుంచి?”

“రెండో ఏడు నుంచీ. చుక్కలకోడి తుమ్మింది. అప్పటికే నువ్వు సంతంతా చాటేశావు. నీ మాట పోతుందని...”

ఆ పూటంతా ఎల్మాస్ మాట్లాడలేదు. ఇరుగుపొరుగు కంగారుపడి తొంగిచూశారు. సాయంత్రానికి నోరు తిరిగొచ్చాక శిక్ష వేసింది. ఇంట్లో మందు పొట్లం కనబడకూడదు. ఆయన రోజూ పొద్దున్నే, కోళ్ళ ఎదురుగా నిలబడి, గ్లాసెడు కెకిక్ నీళ్ళు తాగాలి. ఆ వాసనంటేనే ఆయనకి డోకు. పొట్లాలన్నీ తనే పారేస్తానని తీసుకుంది. పారేసింది కూడా, ఒక్కటి తప్ప.

దుర్ముష్ ముక్కు మూసుకుని తాగాడు. రెండోవారం నుంచి ఎవరూ చెప్పకుండానే తొట్టి కడగడం, చుక్కలు లెక్కపెట్టి నూనె కలపడం, కోళ్ళ కింది తడి గడ్డి తీసేయడం మొదలుపెట్టాడు. మూడోవారం వాన పట్టుకుంది. ఒక కోడి తుమ్మింది. మర్నాటికి నాలుగు ఊపిరాడక గురకపెట్టాయి.

ఎల్మాస్‌కి అన్నం సయించలేదు. ఇన్నేళ్ళూ కోళ్ళని కాపాడింది ఆ మందు పొడేనేమో, తన కెకిక్‌కి వాసన తప్ప ఏమీ లేదేమో అని భయం పట్టుకుంది. మధ్యాహ్నం వానలో, దాచిన పొట్లం శాలువా కింద పెట్టుకుని కోళ్ళ దొడ్లోకి వెళ్ళింది.

దుర్ముష్ బకెట్ బోర్లించుకుని తొట్టి పక్కనే కూర్చుని ఉన్నాడు. జబ్బు కోళ్ళు నాలుగూ విడిగా, ఆయన కోటు కప్పిన బుట్టలో ఉన్నాయి. ఆయన ఆమె చేతివైపు చూశాడు.

“ఇటియ్యి.”

“ఉప్పయ్యా ఇది.”

“ఉప్పైనా సరే, ఇటియ్యి.”

తీసుకెళ్ళి బట్టీ పొయ్యిలో పడేసి వచ్చాడు. ఎల్మాస్‌కి ఏడుపొచ్చింది. చచ్చిపోతాయేమో అంది.

“రోజూ తాగుతున్నాను కదే ఆ దరిద్రాన్ని. నేను చచ్చానా?”

ఒక కోడి చచ్చింది, మూడు లేచాయి. అది కెకిక్ గొప్పో, పొడి గడ్డి గొప్పో, వాన వెలవడమో ఎల్మాస్ ఎవరితోనూ వాదించలేదు. పరీక్ష కాగితం శుభ్రంగా వచ్చింది. శనివారం అట్టముక్క మళ్ళీ బల్లెక్కింది. పక్కన దుర్ముష్ కూర్చున్నాడు. ఎన్నేళ్ళ నుంచి మందు లేకుండా పెంచుతున్నారని ఒకావిడ అడిగింది. గుల్సుమ్ గుడ్లు తుడవడం ఆపేసింది.

ఎల్మాస్ నోరు తెరిచి, ఒకసారి మొగుడి మొహం చూసింది.

“నెలైందమ్మా,” అంది. “కోళ్ళని ఈయన చూస్తాడు. నేను ఊరికే అమ్ముతా.”