విరిచిన కొమ్ము చప్పుడు

ఆర్మూర్‌లో నా గురించి ఎవరు చెప్పినా "కంపెనీలో దొంగను రెండు రోజుల్లో పట్టేసింది" అనే చెబుతారు. పట్టలేదు. అక్కడ దొంగే లేదు. నేను చెప్పినా వినరు. డిటెక్టివ్ వెళ్లిందంటే దొంగ ఉండి తీరాలని వాళ్ల పట్టుదల.

నాకు వచ్చేవి ఎక్కువగా పెళ్లి సంబంధాల వాకబులు. ఈసారి పిలిచింది మార్కెట్ రోడ్డులోని చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని. వాళ్ల యాప్ రైతులు తెచ్చిన పసుపు ఫొటో చూసి రకం చెబుతుంది. ఆఫీసులో ఒక అమ్మాయి దాన్ని సరిచూస్తుంది. మధ్యాహ్నం యాప్‌లో పెట్టాల్సిన రకాలు పొద్దున్నే ఒక వ్యాపారికి తెలిసిపోతున్నాయి. యజమాని అనుమానం ఆ అమ్మాయి మీదే. గల్ఫ్ పోయిన ఆమె భర్తకు అక్కడ ఇంకా పని దొరకలేదు; ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

కొత్తగా చేరిన టైపిస్టులా ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె ఇంటికి ఫోన్ కలిపి, శాంపిల్ సంచిలోంచి పసుపు కొమ్ము తీసి, ఫోన్ దగ్గర పెట్టి విరిచింది.

"అత్తమ్మా, పన్నెండో కుప్ప. ఇన్నవా?"

"మల్లొకటి ఇరువు బిడ్డా... లోపల తడి ఉన్నది. రెండో రకం రాయి."

"ఫొటోల మంచిగనే కనవడ్తుంది గదా?"

"పాలిష్ పట్టిస్తె ఎవ్వల మొకమైనా గట్లనే ఉంటది."

ఆ అత్త ఏళ్ల తరబడి పసుపు గోదాముల్లో పనిచేసిన మనిషి. మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో ఆరుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. అందరి చేతులకూ తంబాకే కాబట్టి ఫోన్ ఎవరి చెవి దగ్గరా ఉండదు. మధ్యలో స్పీకర్ మీద మోగుతుంది. కోడలు కొమ్ము విరిచింది, అత్త రకం చెప్పింది, ఆరుగురూ విన్నారు. అందులో ఒకామె మొగుడు ఆ వ్యాపారి దగ్గరే హమాలీ.

నేనెవరో చెప్పి అడిగితే ఆమె దాచలేదు. "మా ముసల్ది చప్పుడు ఇని పసుపు పోలుస్తదంటె మా ఆయన నమ్మకపాయె. అందుకే రోజు ఫోన్‌ల ఇన్న కుప్పల నంబర్లు, రకాలు గూడ చెప్పిన."

అత్త చేతిలో ఆకు ఆగిపోయింది. "నా నోటితోని పోరి నౌకరి పోతదా?"

"పోనియ్యను," అన్నాను.

రెండు పేజీలు రాశాను. మొదటి దాంట్లో మాట ఎలా బయటికి పోయిందో. రెండో దాంట్లో యాప్‌కు పేరొచ్చింది ఆ ముసలామె చెవి వల్లేనని, ఆమెనూ జీతమిచ్చి ఆఫీసులో కూర్చోబెట్టుకోమని. యజమాని మొదటి పేజీ మీద వేలు పెట్టాడు.

"ఫోన్ ఎవరిది మేడమ్?"

"కోడలిదే. కానీ..."

"చాలు మేడమ్."

ఇప్పుడు ఆ అమ్మాయి అత్త పక్కనే బీడీలు చుడుతోంది. యాప్ మొదటి రకమన్న కుప్పల్లో తడి పసుపు వస్తోందని మార్కెట్‌లో రోజూ తగువే. మొన్న దారిలో కనిపించి అత్త అడిగింది. "గంత రాసినవు గదా బిడ్డా, సారు మొత్తం సదివిండా?"

నా ఫీజు మాత్రం ఆ పేజీలిచ్చిన రోజు సాయంత్రానికే పంపించాడు. ఆ రెండో పేజీ అసలు తిప్పాడా?