లోపల గడియ ఉన్న ఇల్లు

మధ్యాహ్నం కరెంటు పోగానే మా ఇంట్లో అందరం కోటీశ్వరులమయ్యేవాళ్ళం.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ సంగతి. గద్వాలలో మా మగ్గం ఉన్న గదికి ఒకటే కిటికీ, అదీ పక్కింటి గోడను చూస్తూ ఉండేది. లైటు లేకపోతే చీరలో నూలూ, అంచు పట్టూ కలిసే చోటు కనపడదు. కనపడకపోతే నేయలేరు. నేయలేనప్పుడు చేసేదేముంది, అందరూ ముందరి అరుగు మీదికి వచ్చి కూర్చుని ధనవంతులయ్యేవారు.

ఆట మొదలుపెట్టేది నాయన. "ఎంత ఖర్సు పెట్టినా ఒడువని పైసలున్నయనుకోండ్రి. ఏం జేస్తరు?" అనేవాడు. ఒడవదు, అంటే అయిపోదు. ఆటకు ఉన్న నియమం అదొక్కటే. ఆ ఒక్క నియమమే మా వాళ్ళలో ఎవరి బుర్రకూ ఎక్కలేదు.

ఉదాహరణకు నాయననే తీసుకోండి. మొదటి రోజే కారు కొన్నాడు. కొని, ఇంటి ముందు నిలిపి, మీద గుడ్డ కప్పి, కర్నూలుకు మాత్రం బస్సులో పోయేవాడు. "డీజిల్ గింత పిరమున్నప్పుడు కారు దీస్తరా ఎవరన్న?" అని మమ్మల్నే కసిరేవాడు. బట్టల దుకాణంలో పనిచేసే మా చిన్నాయన అన్నం తినడానికి ఇంటికి వచ్చి, కరెంటు లేకపోతే ఆటలో చేరేవాడు. ఆయన ఏకంగా వనపర్తి బస్సే కొన్నాడు. జీవితంలో ఒక్కసారైనా ముందు సీట్లో కూర్చోవాలని ఆయన కోరిక. కూర్చున్నాడు సరే, టికెట్ కూడా తీసుకున్నాడు.

"బస్సు నీదే గద చిన్నాయనా?" అన్నాను.

"నాదైతె మాత్రం? నడుమల చెకింగోళ్ళు ఎక్కితే?"

చిన్నమ్మ తన సంపదనంతా తిండిలో పెట్టేది. పండుగా పబ్బం లేకపోయినా, ఆదివారం కాకపోయినా పొట్టేలు కూర వండేది. ఒడవని డబ్బుతో వండిన ఆ కూరలో సగం తీసి రేపటికి దాచేది. ఇక ఇంటర్ చదువుతున్న నేను, ఇంట్లో అందరికంటే తెలివైనదాన్నని అనుకునేదాన్ని కాబట్టి, శ్రీరంగాపూర్ చెరువు గట్టు మీద పొద్దంతా కూర్చుని ఆఖరి బస్సుకు ఇంటికి రావాలని కోరుకునేదాన్ని. లోకంలోని డబ్బంతా నాదైనప్పుడు ఆఖరి బస్సుతో నాకేం పనో ఇప్పటికీ అర్థం కాదు.

అందరికంటే మించినవాడు నాయనే. పక్కింట్లో ఆటో నడిపే భాయి ఒకాయన ఉండేవాడు. ఒకరోజు మా అరుగు దగ్గర ఆగి, ఆట విని, "గంత పైస ఉన్నదంటుర్రు గద, నా ఆటోకు కొత్త సీట్లు ఏయించరాదు జర?" అని నవ్వుతూ అడిగాడు. నాయన నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించాడు. "సూద్దాం తియ్. ఎంతున్నా, అడిగినోళ్ళందరికి ఇచ్చుకుంట పోతె మనకేం మిగుల్తది?" అన్నాడు.

"ఉత్త పైసలు గూడ ఇయ్యవా భాయ్?" అని ఆయన నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ మాత్రం ఆటలో చేరేది కాదు. చేటలో బియ్యం వేసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చునేది. ఎవరైనా అడిగితే, "నాకేం వొద్దు, మీరు ఖర్సు పెట్టుండ్రి" అనేది. అమ్మకు కోరికలే లేవని మేమంతా తీర్మానించేశాం. మాకు అది చాలా సౌకర్యంగా ఉండేది కూడా.

ఇక్కడ మా మగ్గం గురించి కొంచెం చెప్పాలి. గద్వాల చీర ఒక్కరు నేసేది కాదు. పోగును అటూ ఇటూ నడిపేది నాడె. చీర ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు. అమ్మ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నడుమ కూర్చుని ఒంటి నాడె, ఎడమ అంచు నాడె చూసుకుంటే, చిన్నమ్మ కుడి పక్కన కూర్చుని ఆ వైపు అంచు నాడె విసిరేది. నూలు పోగూ పట్టు పోగూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. అమ్మ "ఊఁ" అనేది, చిన్నమ్మ విసిరేది. మధ్యలో కూరల సంగతి, చుట్టాల సంగతి, మా మీద చాడీలు. చిన్నమ్మ కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ పీట ఆమెదే. ఆమెకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగింది ఏదైనా ఉంటే, అది ఆ పీట ఒక్కటే.

అలాంటిది ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ అడగకుండానే అమ్మ నోరు తెరిచింది.

"నేనైతె ఒక ఇల్లు గట్టుకుంట" అంది, బియ్యంలోంచి తల ఎత్తకుండా. "ఒక్కటే అర్ర. తలుపుకు లోపల దిక్కు గడియ ఉండాలె. గడియేస్కొని పండుకుంట. ఎవ్వరు పిలిచినా పలుక."

అందరం నవ్వాం. ఒడవని డబ్బుతో ఒక్క గది! చిన్నమ్మ నవ్వలేదు.

"మరి నేనో అక్కా?"

"నువ్వేడికి పోతవ్? ఈడనే ఉంటవ్."

"నేనొచ్చి తలుపు గొడితె?"

"పలుక అని అంటున్న గద" అంది అమ్మ.

అప్పుడే కరెంటు వచ్చింది. అమ్మ చేట పక్కన పెట్టి మగ్గం గదిలోకి వెళ్ళింది. చిన్నమ్మ వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ గుంటలో కూర్చుని చాలాసేపు ఎదురుచూసింది. కుడి పక్క పీట ఖాళీగానే ఉంది.

పునాది రాయి కూడా పడని ఇంటి గురించి, ఆ ఇంట్లో లేని తలుపు గురించి, ఆ తలుపుకు బిగించని గడియ గురించి మా ఇంట్లో మాటలు బందయ్యాయి. మగ్గం మీద ఉన్నది పెళ్ళి చీర. నూలూ పట్టూ ఇచ్చి నేయించుకునే సేటు గడువు చెప్పి మరీ ఇచ్చాడు. అది తప్పితే మరో చీర మా ఇంటికి రాదు, వేరే మగ్గానికి పోతుంది. నాయన పరేషాన్ అయ్యి తనే ఆ పీట మీద కూర్చున్నాడు. కాసేపటికే పట్టు పోగు తెంపాడు. అమ్మ చూసిన చూపుకు లేచి బయటికి పోయి బీడీ వెలిగించాడు.

మర్నాడు చిన్నమ్మ వచ్చి తన పీట మీద కూర్చుంది. నోరు మాత్రం విప్పలేదు. అమ్మ కూడా "ఊఁ" అనలేదు. అంత పంతం నేను ఎన్నికల్లో కూడా చూడలేదు. పొద్దంతా టక టక మగ్గం చప్పుడే తప్ప మనిషి గొంతు లేదు. పని ఎప్పటికంటే వేగంగా సాగుతోందని నాయన మురిసిపోయాడు కూడా.

సాయంత్రం నేసినంత మేర ఆయనే చేత్తో ఎత్తి, లైటు వైపు పెట్టి చూశాడు. అంచుకూ చీరకూ మధ్య నిలువునా వెలుతురు కనిపించింది. అక్కడక్కడా పోగులు ఒకదాన్నొకటి పట్టుకోనే లేదు.

"ఇదేంది?" అన్నాడు నాయన. "అంచు ఓ దిక్కు, చీర ఓ దిక్కు పోతున్నయ్. దీన్ని కట్టుకుంటదా ఆ పెండ్లిపిల్ల?"

విప్పక తప్పదు. నేయడం కంటే విప్పడం కష్టం. అమ్మ నూలు పోగు వెనక్కి లాగుతుంటే అదే అదునులో చిన్నమ్మ పట్టు పోగు వదలాలి. గట్టిగా గుంజితే తెగుతుంది. మాట్లాడకుండా అయ్యే పని కాదది. తెల్లారి ఇద్దరూ కూర్చున్నారు.

"ఆగు" అంది అమ్మ.

"నువ్వే గుంజుతున్నవ్" అంది చిన్నమ్మ.

రెండు పోగులు వచ్చాయి. తర్వాత చిన్నమ్మ పోగు వైపే చూస్తూ, "గా అర్ర ఎంతుంటది?" అంది.

"ఏ అర్ర?"

"గడియేస్కుంటనన్నవ్ గద."

అమ్మ చేతులు ఆగాయి. గుమ్మం దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చున్న నాకు ఆమె ముఖం కనిపిస్తూనే ఉంది. "ఒక్కటి గాదు" అంది మెల్లగా. "రెండు అర్రలు. రెండోది నీదే."

"నా అర్ర తలుపు ఎటు?"

"నా అర్ర లోపటికే."

చిన్నమ్మ ముక్కు తుడుచుకుంది. పోగులు కదిలాయి. బయట చెవులు రిక్కించిన నాయన ఊరుకుంటాడా? "మరి మేమేడుండాలె, బజార్లనా?" అన్నాడు. సరే, ముందర ఒక వసారా వచ్చింది. అన్నం తినడానికి వచ్చిన చిన్నాయన తన బస్సు ఎండలో ఎలా పెట్టాలని అడిగాడు. నీ బస్సుకు నువ్వే రేకులేసుకో అన్నారు. నా చదువుకు ఒక మూల వచ్చింది. ఆ తర్వాత చిన్నమ్మే, "అన్ని సరే గానీ మగ్గం ఏడ పెడ్తం అక్కా?" అంది.

ఒడవని డబ్బుంది, ఇంకా మగ్గమెందుకని ఒక్కరూ అడగలేదు. దానికీ ఒక గది కట్టారు. కిటికీ ఎటు పెట్టాలో వాదించుకుని, ఇంకా గొడవెందుకని పక్కింటి గోడ వైపే పెట్టారు. పొద్దు వాలేసరికి అరుగుతో సహా ఇల్లు పూర్తయింది. అది మేమున్న ఇల్లే. ఒక్క ఇటుక కూడా తేడా లేదు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. మా ఇంట్లో అందరూ డబ్బుతో ఆడుకున్నారు. నిజంగా ఒకటి కోరుకున్నది అమ్మ ఒక్కతే. దాన్ని అందరం తలా ఒక గది అడిగి పంచుకు తిన్నాం.

చివరి పోగు విప్పాక చిన్నమ్మ నాడె చేతిలోకి తీసుకుని, "మరి గడియో అక్కా?" అంది. ఆమె గొంతులో ఇంకా కొంచెం భయముంది.

అమ్మ గుంటలో కాళ్ళు సర్దుకుంది. అంచు పోగును వేలితో ఒకసారి నిమిరింది.

"గడియెందుకు" అంది. "తలుపు దగ్గరికేస్తె సాలు."

తర్వాత "ఊఁ" అంది. చిన్నమ్మ నాడె విసిరింది.